సెకిరో, సుషిమా గేమ్‌ప్లే వీడియోలు తెలుగులో చేద్దామనుకుంటున్న: మాట్లాడాలా, సైలెంట్‌గా వదిలేయాలా?

దిల్‌సుఖ్‌నగర్_ప్లేయర్:

అందరికీ నమస్తే. డ్యూటీ అయి రూమ్‌కొచ్చినంక తిని గేమ్ ఓపెన్ చేసుడే నా పని, ఆడనప్పుడు వేరేవాళ్ళ గేమ్‌ప్లే వీడియోలు చూస్త. ఇప్పుడు నాకే వీడియోలు చేయాలని మస్తు అనిపిస్తుంది, అందుకే అడుగుతున్న.

నా మెయిన్ గేమ్ సెకిరో, పాత జపాన్‌ల నడిచే కత్తి ఫైట్ గేమ్. 2019ల వచ్చింది గని అసొంటి కత్తి ఫైట్ నాకు ఇంకే గేమ్‌ల దొరకలే. మిగతా గేముల్ల దెబ్బ తప్పించుకుంట ఎనకకి పోతం, దీంట్ల మీదికి పోవాలె. ఎదుటోడి కత్తి తగిలే టైంకి కరెక్ట్‌గా బ్లాక్ కొడితే డిఫ్లెక్ట్ అయితది, ఆ ఠంగ్‌మనే సౌండ్, ఆ నిప్పురవ్వలు, వాడి పోశ్చర్ బార్ (వాడు ఎంత తూలుతున్నడో చూపే గీత) నిండుకుంట పోవుడు, అది ఫుల్ అయిందంటే వాడి ప్రాణం ఇంకా మిగిలున్నా సరే పోటు దించెయ్యొచ్చు. అషీనా కోట మీద గెనిచిరో అనే పెద్ద బాస్‌తోని ఫైట్ ఎన్నిసార్లు ఆడినా నాకు గుండె అట్లనే కొట్టుకుంటది. ఇది మనోళ్ళకి చూపియ్యాలె, ఎందుకంత బాగుంటదో చెప్పాలె అని నా ఆశ.

రెండోది ఘోస్ట్ ఆఫ్ సుషిమా, అది జపాన్ సమురాయ్ గేమ్, 2024ల పీసీకి వచ్చినప్పటి నుంచి ఆడుతున్న.

డౌట్ ఏందంటే ఫైట్ నడుస్తున్నప్పుడు నా నోట్లకెళ్ళి మాట రాదు. ధ్యాసంతా చేతుల మీదనే ఉంటది. మరి మాట్లాడకుంట పెడితే ఎవరన్న చూస్తరా? ఇంకోటి, ఓబీఎస్‌ల (స్క్రీన్ రికార్డ్ చేసే సాఫ్ట్‌వేర్) రికార్డ్ చేసిన ఫైల్ నా లాప్‌టాప్‌ల నీట్‌గా కనిపిస్తది, అప్‌లోడ్ చేసినంక చూస్తే సుషిమాల గడ్డి మొత్తం ముద్ద ముద్ద అయితుంది. నాది ఆర్‌టీఎక్స్ 3050 గ్రాఫిక్స్ కార్డున్న లాప్‌టాప్, 1080పీ 60 ఫ్రేమ్స్. ఎట్ల చేయాల్నో తెలిసినోళ్ళు చెప్పండి.

ఎన్‌కోడర్_అన్న:

బ్రో గడ్డి సంగతి ముందు చెప్తా. వీడియో కంప్రెస్ అయ్యేటప్పుడు ముందు ఫ్రేమ్‌కీ తర్వాత ఫ్రేమ్‌కీ ఏం మారిందో అదే దాచుకుంటది, కదలని గోడకి ఖర్చు ఉండదు. సుషిమాలో గడ్డి, ఆకులు, పూలు, గాలికి అన్నీ ఒకేసారి కదుల్తయి, ప్రతి ఫ్రేమూ కొత్తదే అన్నట్టు, సెకనుకి ఇచ్చిన డేటా, అదే బిట్‌రేట్, సరిపోక ముద్ద అయిపోతది. కురొసావా మోడ్ అని బ్లాక్ అండ్ వైట్ ఉంది చూడు, దాంట్లో ఫిల్మ్ గ్రెయిన్ కూడా తోడైతది కాబట్టి ఇంకా ఘోరంగా వస్తది, రికార్డింగ్‌కి అది వద్దు.

ఏ వీడియో సైట్ అయినా నువ్వు ఇచ్చిన ఫైల్‌ని అట్లనే చూపించదు, మళ్ళీ తన పద్ధతిలో కంప్రెస్ చేస్తది. యూట్యూబ్‌లో వీడియో మీద రైట్ క్లిక్ కొట్టి స్టాట్స్ ఫర్ నర్డ్స్ ఓపెన్ చెయ్, కోడెక్ (వీడియోని కుదించే పద్ధతి) అన్న లైన్‌లో ఏవీసీ1 అని ఉంటే పాత కోడెక్, వీపీ09 అని ఉంటే మంచిది. చిన్న ఛానెళ్ళ 1080పీ వీడియోలకి ఎక్కువగా మొదటిదే పడుతుంటది, 1440పీ అప్‌లోడ్ చేస్తే రెండోది వస్తది. కాబట్టి నువ్వు 1080పీలోనే ఆడు, రికార్డ్ కూడా అదే, ఎడిటింగ్‌లో టైమ్‌లైన్‌ని 1440పీకి పెంచి ఎక్స్‌పోర్ట్ చెయ్. డావించీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఫ్రీ వెర్షన్‌లోనే అయిపోతది. తేడా కళ్ళకి కనిపిస్తది, చూడు. అప్‌లోడ్ అయిన వెంటనే చూసి బాధపడకు, ముందు తక్కువ క్వాలిటీ వస్తది, హెచ్‌డీ ప్రాసెస్ అవ్వడానికి టైం పడుతది.

ఓబీఎస్‌లో ఎన్‌కోడర్ (వీడియోని కుదించి ఫైల్ చేసేది) ఎన్‌వీఎన్‌సీ పెట్టుకో, గ్రాఫిక్స్ కార్డులో దానికి వేరే చిప్ భాగమే ఉంటది కాబట్టి గేమ్ పెద్దగా స్లో అవ్వదు. రేట్ కంట్రోల్ దగ్గర సీబీఆర్ (ఎప్పుడూ ఒకే బిట్‌రేట్) తీసేసి సీక్యూపీ (క్వాలిటీ ఒకేలా ఉంచేది) పెట్టు, విలువ 20 దగ్గర. సీబీఆర్ అనేది లైవ్ స్ట్రీమ్‌కి, రికార్డింగ్‌కి దాంతో పని లేదు. ఫార్మాట్ ఎంకేవీ. మధ్యలో లాప్‌టాప్ ఆగిపోయినా అప్పటిదాకా రికార్డ్ అయింది చెడిపోదు, అదే ఎంపీ4 అయితే ఫైల్ మొత్తం పోయే ఛాన్స్ ఉంది. తర్వాత ఫైల్ మెనూలో రీమక్స్ అని ఉంటది, అక్కడ ఎంపీ4 చేసుకో.

నిజాంపేట_గేమర్:

తమ్ముడూ, ఫైట్‌లో మాట రాకపోవడం అందరికీ ఉండేదే. మాది పాలకొల్లు, హైదరాబాద్‌లో జాబ్ చేస్తూ నేనూ సరదాకి వీడియోలు పెడుతుంటా, కాబట్టి చెప్తున్నాను. ఆడేటప్పుడు మైక్ ఆన్‌లోనే ఉంచు, నువ్వు అరిచినా, అబ్బా అన్నా, ఊపిరి బిగబట్టినా అదంతా పడనివ్వు. ఓబీఎస్‌లో గేమ్ సౌండ్ ఒక ట్రాక్‌కి, మైక్ ఇంకో ట్రాక్‌కి విడిగా పెట్టుకోవచ్చు, తర్వాత ఏది ఎంత ఉంచాలో నీ ఇష్టం. ఫైట్ అయ్యాక ఆ వీడియో మళ్ళీ చూసుకుంటూ కూర్చుని వాయిస్ చెప్పు. అప్పుడు ఆలోచించుకోడానికి టైం ఉంటుంది, "ఇక్కడ వాడు పొడవబోతున్నాడు, అందుకే నేను వెనక్కి వెళ్ళకుండా మీదికే వెళ్ళా" అని స్థిమితంగా చెప్పగలవు.

సెకిరోకి కామెంటరీ కావాల్సిందే అంటాను నేను. చూసేవాళ్ళకి కత్తులు టకటకా తగలడం కనిపిస్తుంది కానీ లోపల ఏం జరుగుతుందో తెలీదు కదా. ఎర్రగా ఆ జపనీస్ అక్షరం మెరిసినప్పుడు మామూలు బ్లాక్‌తో పని జరగదు, పోటు అయితే మికిరి కౌంటర్‌తో ఈటెని తొక్కేయాలి, కాళ్ళ మీదికి ఊపితే ఎగరాలి, ఆ క్షణంలో ఏది వస్తుందో వాడి భుజం చూసి పట్టుకోవాలి. శత్రువు ప్రాణం తగ్గేకొద్దీ వాడి పోశ్చర్ కోలుకోవడం నెమ్మదిస్తుంది, అందుకే ముందు నాలుగు దెబ్బలు వేసి ఆ తర్వాత డిఫ్లెక్ట్‌ల మీద పడతాం. గెనిచిరో చివర్లో మెరుపు వేస్తాడు చూడు, గాల్లోకి ఎగిరి అక్కడే దాన్ని పట్టుకుని నేల తాకకముందే తిరిగి వాడి మీదకే వేయాలి. ఇదంతా ఎవరో ఒకరు పక్కన కూర్చుని చెప్పినట్టు చెప్తే గేమ్ ఆడనివాళ్ళు కూడా కళ్ళార్పకుండా చూస్తారు. మా అమ్మకి కంట్రోలర్ పట్టుకోవడం కూడా రాదు, నేను ఇలా చెప్తూ ఆడితే "ఇప్పుడు ఎగురు, ఎగురు" అని ఆవిడే అంటుంది.

భాష గురించి బెంగ వద్దు, నువ్వు ఫ్రెండ్స్‌తో ఎలా మాట్లాడతావో అలాగే మాట్లాడు.

రాత్రి_వాచర్:

అక్కా సెకిరో వరకు మీరు చెప్పింది కరెక్టే, కానీ సుషిమాకి మాత్రం దయచేసి ఎవరూ మాట్లాడకండి.

నేను ఆడేదానికన్నా చూసేదే ఎక్కువ. రాత్రి లైట్లాపి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆ గేమ్ వీడియోలు చూస్తుంటా. దాంట్లో మూలన మ్యాప్ ఉండదు, బాణం గుర్తులుండవు. ఎటు పోవాలో గాలే చెప్తుంది, గడ్డి అటు వంగుతుంది, ఆకులు అటే ఎగురుతాయి. పసుపు పిట్ట వచ్చి ఎక్కడికో తీసుకుపోతుంది, నక్క వెంట పోతే ఇనారి అనే జపాన్ దేవత గుడి దగ్గర ఆగుతుంది. ఆ గేమ్ చేసినవాళ్ళు స్క్రీన్ మీద నుంచి అన్నీ తీసేసి మన చూపుని ప్రకృతి మీదకి తిప్పారు, దాని మీద మళ్ళీ మనం మాటలు పరిస్తే ఎట్లా? గుర్రం మీద పోయే దారి కట్ చేయకండి, చాలామంది ఫైట్ నుంచి ఫైట్‌కి దూకించేస్తారు, నాకు ఆ నడిమి దారే కావాలి.

కాబట్టి నా మాట ఏంటంటే మాట్లాడాలా వద్దా అనేది మనం కాదు, గేమ్ చెప్పాలి. ఏమన్నా చెప్పాలనుకుంటే డిస్క్రిప్షన్‌లో రాయి, టైమ్‌స్టాంపులు ఇవ్వు. మొదటిది 0:00తో మొదలుపెట్టి కనీసం మూడు ఇస్తే చాప్టర్లు వాటంతటవే వచ్చేస్తాయి, కథ తెలియొద్దు అనుకునేవాళ్ళు దాటుకుని పోతారు.

దిల్‌సుఖ్‌నగర్_ప్లేయర్:

థ్యాంక్యూ అన్నా, అక్కా, అందరికీ. గేమ్ చెప్పాలె అన్న మాట మనసుకి పట్టింది, సెకిరోకి వాయిస్, సుషిమాకి గాలి సౌండ్ ఒక్కటే, ఫిక్స్. ఒక్కటే చివరి డౌట్, మా గల్లీ మెయిన్ రోడ్డు పక్కనే, బండ్ల హారన్లు, పైన ఫ్యాన్, గణేష్ నవరాత్రుల్ల అయితే మండపం స్పీకర్ మా కిటికీ ఎదురుంగనే పెడతరు. మైక్ ఎసొంటిది తీసుకోవాలె?

ఎన్‌కోడర్_అన్న:

కండెన్సర్ మైక్ వద్దు, దూరం సౌండ్లు కూడా పట్టేస్తది. డైనమిక్ మైక్ దగ్గరి సౌండే ఎక్కువ పడుతది, అది తీసుకుని నోటికి బెత్తెడు దూరంలో పెట్టు, గెయిన్ (మైక్ సౌండ్ పెంచే సెట్టింగ్) తక్కువ పెట్టు. ఓబీఎస్‌లో మైక్‌కి ఫిల్టర్స్ కొట్టి నాయిస్ సప్రెషన్‌లో ఆర్ఎన్ నాయిస్ పెడితే ఫ్యాన్ సౌండ్ దాదాపు పోతది. హారన్లకి, మండపానికి అది సరిపోదు, అందుకే అక్క చెప్పినట్టు వాయిస్ తర్వాత చెప్పుకునుడే బెస్ట్, అర్ధరాత్రి గల్లీ సద్దుమణిగినంక చెప్పుకో. మైక్ కోసం ఆన్‌లైన్‌లో వెతికే ముందు ఒకరోజు సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో సీటీసీకి (కంప్యూటర్ సామాన్ల మార్కెట్) పో, దుకాణాలు తెరిచే ఉన్నయా అని ముందు కనుక్కుని పో, చేత్తో పట్టుకుని చూసి తీసుకోవచ్చు.

ఇంకొకటి అడుగుతా, వింటే సంతోషం. మన హైదరాబాద్‌లోనే ఓగర్ హెడ్ స్టూడియో వాళ్ళు చేసిన అసుర అనే గేమ్ ఉంది, 2017లో స్టీమ్‌లో (పీసీ గేములు అమ్మే ఆన్‌లైన్ స్టోర్) వచ్చింది. రాక్షసుడిగా ఆడాలి, చచ్చిపోతే మళ్ళీ మొదటినుంచి, లెవెల్స్‌తో పాటు స్కిల్ ట్రీ (కొత్త శక్తులు ఎంచుకునే పట్టిక) కూడా ప్రతిసారీ మారిపోతది కాబట్టి పోయినసారి ప్లాన్ ఈసారి నడవదు. ఈ ఊరోళ్ళు చేసిన గేమ్‌ని ఈ ఊరి యాసలో ఎవరన్నా ఆడి చూపిస్తే చూడాలని నాకు చాలా రోజుల నుంచి ఉంది. సెకిరో అయిపోయినంక ఆడు బ్రో, రికార్డింగ్ సెట్టింగ్స్ అన్నీ నేను కూర్చుని చేసిస్తా.

నిజాంపేట_గేమర్:

అసుర నా లైబ్రరీలో ఉంది. తమ్ముడు మొదలుపెడితే నేనూ వస్తా, ఒకే గేమ్ ఇద్దరం వేరువేరుగా ఆడి పెడదాం, స్కిల్ ట్రీ ఎవరికి ఎలా పడిందో చూసుకోవచ్చు.