ఐటీఐ ఎలక్ట్రీషియన్ పాసయ్యాను, అప్రెంటిస్‌గా నమోదు ఎలా?

కావలి కుర్రాడు:
అన్నలూ, మాది కావలి పక్కన పల్లె. ఈ ఏడు ఐటీఐ ఎలక్ట్రీషియన్ అయిపోయింది. మోటార్ల రివైండింగ్ షాపాయన "రేపట్నుంచి వచ్చెయ్, అప్రెంటిస్ అని కాగితం రాసిస్తా" అంటున్నాడు. నాన్న పొమ్మంటున్నాడు. ఆ కాగితం చెల్లుతుందా? ఒకటే టెన్షన్‌గా ఉంది.

నెల్లూరు డిపో:
ఆర్టీసీ నోటిఫికేషన్ కూడా చూస్తుండు తమ్ముడూ. ఎలక్ట్రీషియన్లనూ తీసుకుంటారు. నెల్లూరు, ప్రకాశం వాళ్లకు సర్టిఫికెట్ల పరిశీలన కాకుటూరు ట్రైనింగ్ కాలేజీలోనే.

ఒంగోలు వైర్‌మ్యాన్:
తమ్ముడూ, ఆ కాగితాన్ని నమ్ముకుని పోవద్దు. నేను పోయి చెడ్డాను. చీమకుర్తి వైపు ఒక గ్రానైట్ ఫ్యాక్టరీలో అప్రెంటిస్ అనే చేర్చుకున్నారు. ఐదో నెలలో పాలిషింగ్ మిషన్ ప్యానెల్ తెరిచి చూస్తుంటే ఫ్లాష్ వచ్చి కుడి చెయ్యి మణికట్టు దాకా కాలింది. నా పేరు మీద కాంట్రాక్టే లేదన్నారు. ఆసుపత్రి ఖర్చుకు మా నాయన పాడిబర్రెను అమ్మాడు. 1961 అప్రెంటిస్ చట్టం ప్రకారం కాంట్రాక్టు ఉంటే, పనిలో దెబ్బ తగిలినప్పుడు పరిహారం యజమానే ఇవ్వాలి. ఇది నాకు చెయ్యి కాలాక తెలిసింది. ఆ ఐదు నెలలూ శిక్షణ లెక్కలోకి కూడా రాలేదు.

కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైట్ అప్రెంటిస్‌షిప్ ఇండియా పోర్టల్‌లో ఆధార్, ఐటీఐ మార్కుల మెమో, బ్యాంకు ఖాతాతో నీ పేరు నమోదు చేసుకో. అందులోనే ఖాళీలు వెతికి దరఖాస్తు పెట్టు. కంపెనీ ఆఫర్ పంపితే ఒప్పుకోవాలి, ఆ తర్వాత కాంట్రాక్టు తయారవుతుంది. దాని నమోదు నంబరు చేతికొచ్చేదాకా టెస్టర్ పట్టుకోవద్దు. ఐటీఐ చదివినోళ్లకు ఏడాది శిక్షణ, చివర ఆలిండియా ట్రేడ్ టెస్ట్. పాసైతే నేషనల్ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ ఇస్తారు. స్టైపెండ్ 2019 నిబంధనల్లో ఐటీఐ వాళ్లకు నెలకు కనీసం రూ.7,000 అని ఉంది. అయిపోయాక అక్కడే ఉద్యోగం ఇస్తారని మాత్రం లెక్కలేసుకోకు, ఇవ్వాలని చట్టంలో లేదు.

ఇంతకీ ఆ షాపులో ఎంతమంది పనిచేస్తారు? కనీసం నలుగురుంటేనే అప్రెంటిస్‌ను పెట్టుకునే వీలుంది. 30 మంది గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉన్న చోటైతే పెట్టుకోక తప్పదు.

కావలి కుర్రాడు:
షాపాయనా, వాళ్ల తమ్ముడూ, అంతే అన్నా. నాన్నకు మీ చెయ్యి సంగతి చదివి వినిపించాను, ఇంకేం మాట్లాడలేదు. ఇప్పుడే పోర్టల్ తెరిచాను. ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరమే ఉంది, మెమోలో పూర్తిగా ఉంది. పర్లేదా?

ఒంగోలు వైర్‌మ్యాన్:
ముందు ఆధార్ సెంటర్‌కు పోయి అది సరిచేయించుకో. పదో తరగతి మెమో కూడా తీసుకుపో. రెండు చోట్లా పేరు ఒకేలా ఉన్నాకే నమోదు మొదలుపెట్టు. నాకు అక్కడే పదకొండు రోజులు పోయాయి.