కొండబాటలో నడవడానికి టికెట్టా? మీరేమంటారు?

అచ్చంపేట అన్న:
మా బిడ్డ మిలాన్‌లో చదువుకుంటోంది. చూసొద్దామని పోయిన మే నెలలో మేమిద్దరం పోతే చింక్వె తెర్రె తీసుకుపోయింది. ఇటలీలో సముద్రం ఒడ్డున కొండకు అతుక్కుని ఐదు ఊళ్లు, 1999 నుంచి నేషనల్ పార్కు. ఊరికీ ఊరికీ మధ్య రైల్లో నాలుగైదు నిమిషాలే, కానీ కొండమీద నడిస్తేనే బాగుంటుందని బిడ్డ పట్టుబట్టింది. సరేనని ఆ ఐదింట్లో ఒకటైన మోంతెరొస్సో నుంచి బయల్దేరితే బాట మొదట్లోనే కౌంటర్! మనిషికి ఏడున్నర యూరోలు, మన లెక్కలో ఏడు వందల చిల్లర, ముగ్గురికి రెండు వేలు దాటింది. పైగా హవాయి చెప్పులతో నడిస్తే 50 యూరోల నుంచి 2500 దాకా ఫైన్ అట. మా ఇంటామె వేసుకొచ్చింది అవే. రూముకు వెనక్కి పోయి బూట్లు తొడుక్కొని వచ్చేసరికి గంట.

ఎండా చెమటా మనవి, కాళ్లు మనవి, మరి పైసలెందుకు? చిన్నప్పుడు మా నాయన వేలు పట్టుకొని చైత్ర పౌర్ణమికి సలేశ్వరం జాతరకు పోయేవాణ్ని. "వస్తున్నాం లింగమయ్యా" అనుకుంటూ నల్లమలలో ఆ లోయంతా దిగితే టికెట్ అడిగినవాడు లేడు. రేపు ఇక్కడా ఇదే మొదలుపెడితే?

మేస్త్రీ కొడుకు, మహబూబ్‌నగర్:
అన్నా, బాట దానంతట అదే ఉంటుందనుకుంటున్నారా?

ఆఫీసు పనిమీద జెనోవా పోయినప్పుడు ఒక ఆదివారం నేనూ అదే బాటలో నడిచా. వెర్నజ్జా ఊరి పైన ఒక ముసలాయన ద్రాక్ష తోటలో పడిపోయిన గోడ మళ్లీ పేరుస్తున్నాడు. రాయి అందుకొని అటు తిప్పి ఇటు తిప్పి, సుత్తితో ఒక మూల కొట్టి, కూర్చోబెట్టి, సందులో చిన్న చిప్ప దూర్చి, అరచేత్తో తట్టి కదులుతోందా అని చూశాడు. కదిలింది. తీసేసి మళ్లీ మొదలు. నేను పది నిమిషాలు అక్కడే నిలబడిపోయా, ఎందుకంటే మా నాయన చేసేది అచ్చం అదే. గుంపు మేస్త్రీ వెంట డ్యాముల పనికి రాష్ట్రాలు తిరిగిన మనిషి, పాలమూరు లేబర్ అంటే తెలియని డ్యాము ఉందా అసలు.

ఆ గోడల్లో సిమెంటు ఉండదు. వాన నీళ్లు సందుల్లోంచి జారిపోవాలి, సిమెంటు పెడితే నీళ్లు వెనకే నిలిచి గోడను తోసేస్తాయి. అట్లాంటివి కొండ నిండా వేల కిలోమీటర్లు. పిల్లలు పట్నం పోయి తోటలు పడావు పడితే గోడ పొట్ట ఇస్తుంది, పట్టించుకోకపోతే కూలి మట్టంతా కిందికొస్తుంది. 2011 అక్టోబరు 25న కుండపోతగా కురిసి వెర్నజ్జా, మోంతెరొస్సో వీధులు బురదలో కూరుకుపోయాయి, మనుషులు పోయారు. అంత వాన పడటమే అసలు కారణం, పడావు పడ్డ గట్లు దానికి తోడయ్యాయి. మన బాటేమో ఆ గోడల మీదే. మరి రాయి పేర్చినవాడికి కూలి ఎవరివ్వాలి? ఆ ఏడున్నరా నేను సంతోషంగా ఇచ్చా.

నకిరేకల్ రైతుబిడ్డ:
మీ నాయన సంగతి చదివి మనసు కదిలింది, కానీ ఒప్పుకోను. ఏడొందలు మీకు లెక్క కాదు, మా ఊళ్లో ఒకరోజు కూలి. టికెట్ పెడితే జనం తగ్గరు, పైసలున్నవాళ్లే మిగులుతారు. ఇటలీ దాకా పోగలిగినవాళ్ల ముచ్చట వేరు, సలేశ్వరానికి ఆటోలో వచ్చే ముసలమ్మ సంగతి చూడండి.

మిర్యాలగూడ టు లా స్పెత్సియా:
నాలుగేళ్లుగా ఆ ఊళ్ల పక్కనే ఉంటున్నా కాబట్టి ఒకటి సరిచేస్తా. టికెట్ అన్ని బాటలకూ లేదు. మోంతెరొస్సో నుంచి వెర్నజ్జా, అక్కడి నుంచి కోర్నీల్యా, సముద్రం పక్కనుండే ఆ రెండు ముక్కలకే. పైన ద్రాక్ష తోటల్లోంచి పోయేవి చాలా మటుకు ఫ్రీ, జనం తక్కువ, నన్నడిగితే అవే బాగుంటాయి. రియోమజ్జోరె, మనరోలా మధ్య కిలోమీటరు కూడా లేని ప్రేమబాట (వియా దెల్లామోరె అంటారు) సంగతి వేరే. 2012లో రాళ్లు పడి టూరిస్టులకు దెబ్బలు తగిలితే మూసేశారు, కొండకు వలలు బిగించి పూర్తిగా తెరిచేసరికి 2024 వచ్చింది. తెరిచినప్పుడు దానికి ఇంకో పది యూరోలు పెట్టారు, టైం స్లాట్ ముందే బుక్ చేసుకోవాలి.

ఇక నా మాట. టికెట్ తప్పు కాదు, చాలదు అంతే. వేసవిలో ఇక్కడి నుంచి పోయే రైలెక్కితే మన జాతర బస్సే గుర్తొస్తుంది. వచ్చినవాళ్లు ఫొటో దిగి, ఐస్‌క్రీం తిని పోతారు, ఇళ్లేమో టూరిస్టు రూములైపోయాయి, గోడ పేర్చే మనిషి దొరకడం కష్టం. ఈ పైసల్లో బాటకు ఎంత, గోడలకు ఎంత అని కౌంటర్ పక్కనే పెద్ద బోర్డు పెడితే నకిరేకల్ తమ్ముడి కోపం కూడా కొంత తగ్గుతుంది.

నకిరేకల్ రైతుబిడ్డ:
తగ్గదు. కానీ బోర్డు మంచి మాట.

అచ్చంపేట అన్న:
చెప్పుల విషయం ఒప్పుకుంటున్నా, వెర్నజ్జా దిగేచోట రాళ్లు నున్నగా అరిగిపోయి ఉన్నాయి, బూట్లతోనే రెండుసార్లు జారా. గోడల సంగతి మాత్రం నాకు నిజంగా తట్టలేదు, ద్రాక్ష తోటలు బాగున్నాయని ఫొటోలు తీసుకున్నా.

సలేశ్వరం దగ్గర మాత్రం నేను మారను. మొన్నటిసారి పోతే లోయ దారి పొడుగునా నీళ్ల ప్యాకెట్లు, చూస్తే కడుపు తరుక్కుపోయింది, కాదనను. అయినా దేవుడి దారికి టికెట్ వద్దు. ఎప్పుడైనా తప్పదంటే ఆ పైసలు అక్కడి పెంటల్లో (అంటే అడవిలోని చెంచు గూడేల్లో) ఉండే చెంచుల చేతికే పోవాలి, బాట వాళ్లది, పూజారులు వాళ్లే. అది కాగితం మీద రాసిచ్చిన రోజు మాట్లాడదాం.

మేస్త్రీ కొడుకు, మహబూబ్‌నగర్:
ఇంతకీ వదినకు బూట్లు కరిచాయా లేదా?

అచ్చంపేట అన్న:
కరవకేం తమ్మీ! కోర్నీల్యా ఊరు నుంచి స్టేషనుకు 380 మెట్లు, బూట్లు నా చేతికిచ్చి వట్టి కాళ్లతో దిగింది. దానికి ఫైన్ ఉందో లేదో బోర్డు మీద రాయలేదు.