చుట్టుకొలతా, పరిధా? "క్రమ బహుభుజి"లో "క్రమ" అంటే ఏమిటి?

ప్రశ్న

5వ తరగతి పిల్లల కోసం చుట్టుకొలత పాఠం తేలిక తెలుగులో రాస్తున్నాం. సమబాహు త్రిభుజం, చతురస్రం, క్రమ పంచభుజి, క్రమ షడ్భుజి వరకే. రెండు సందేహాలున్నాయి. "చుట్టుకొలత" అనాలా, "పరిధి" అనాలా? "క్రమ" అన్న మాటను పిల్లలకు ఎలా విప్పి చెప్పాలి? "సమ" అంటే సరిపోదా?

జవాబు

చుట్టుకొలతే ఉంచండి. గుడి చుట్టూ మూడు చుట్లు తిరిగారంటామే, ఆ "చుట్టు" ఇది. ఒక్క చుట్టుకు ఎంత పొడవవుతుందో అదే చుట్టుకొలత. నిర్వచనం మాటలోనే ఉంది కాబట్టి విడిగా బట్టీ పట్టించక్కర్లేదు. బయల్దేరిన చోటికి మళ్లీ వస్తేనే చుట్టు పూర్తయినట్టు. చతురస్రంలో మూడు భుజాలు కూడి ఆపేసే పిల్లలకు ఇదే మందు: మొదలుపెట్టిన మూల దగ్గర ఒక చుక్క పెట్టించి, వేలు మళ్లీ ఆ చుక్క మీదికి వచ్చేదాకా కూడమనండి.

"పరిధి" కూడా మంచి మాటే. చుట్టూ ఉంచినది అని దాని అర్థం. యజ్ఞంలో అగ్ని చుట్టూ ఉంచే కట్టెలకు పరిధులని పేరు. పురుషసూక్తంలోని "సప్తాస్యాసన్ పరిధయః" అదే. లీలావతి అనే గణిత గ్రంథంలో భాస్కరాచార్యుడు ఈ మాటను వృత్తానికి వాడాడు: వ్యాసాన్ని 3927తో గుణించి 1250తో భాగిస్తే సూక్ష్మ (మరింత కచ్చితమైన) పరిధి, 22తో గుణించి 7తో భాగిస్తే స్థూల (ఉజ్జాయింపు) పరిధి. అయితే ఇప్పటి పిల్లలు రోజూ వినేది "ఫలానా స్టేషన్ పరిధిలో", "మండల పరిధిలో" అని. అక్కడ పరిధి అంటే హద్దు లోపలి ప్రాంతమంతా. ఆ అర్థంతో పాఠంలోకి వస్తే బుద్ధి నేరుగా వైశాల్యం మీదికి పోతుంది. పై తరగతుల్లో వృత్త పరిధి వచ్చేదాకా దాన్ని ఆపడమే మేలు.

మరో జవాబు

"సమ" సరిపోదు, అది తప్పుదారి పట్టిస్తుంది కూడా. క్రమ బహుభుజికి రెండు షరతులున్నాయి: భుజాలన్నీ సమానం, కోణాలన్నీ సమానం. త్రిభుజంలో భుజాలు సమానమైతే కోణాలు వాటంతట అవే 60 డిగ్రీలవుతాయి, కాబట్టి సమబాహు త్రిభుజం అంటే చాలు. నాలుగు భుజాల నుంచి ఆ హామీ లేదు. సమచతుర్భుజం అనే పేరు వింటే చతురస్రమే అనిపిస్తుంది. కానీ మన పుస్తకాల్లో అది రాంబస్ పేరు: భుజాలు సమానం, కోణాలు సమానం కానక్కర్లేదు. "చతురస్రం" అంటే నాలుగు మూలలున్నది అనే. యజ్ఞవేదికల కొలతలు చెప్పే పాత గ్రంథాలైన శుల్బసూత్రాల్లో సమచతురస్రం, దీర్ఘచతురస్రం రెండూ ఉన్నాయి. మొదటి దాంట్లో "సమ" జారిపోయి ఒట్టి చతురస్రం మిగిలింది, రెండోది అలాగే నిలిచింది.

"క్రమంగా" అంటే పిల్లలకు మెల్లమెల్లగా అని తెలుసు, అదిక్కడ పనికిరాదు. "భుజాలూ ఒకటే, మూలలూ ఒకటే" అని రెండు ముక్కల్లో చెప్పండి. ఎటు తిప్పి పెట్టినా ఏ భుజం మొదటిదో గుర్తుపట్టలేనిది క్రమ ఆకారం.

అదే విషయం, చేతులతో

ఈ తేడా బోర్డు మీద చెబితే ఎక్కదు. కొబ్బరి ఈనెల చీపురు నుంచి సరిగ్గా 5 సెం.మీ. పుల్లలు కత్తిరించండి. సైకిల్ వాల్వ్ ట్యూబును సెంటీమీటరున్నర ముక్కలు చేసి మూలల దగ్గర తొడగండి. పుల్లలు లోపల ఒకదానికొకటి తగిలేదాకా దూర్చాలి. సందు మిగిలితే ప్రతి మూలా రెండు మూడు మిల్లీమీటర్లు ఎక్కువ చూపిస్తుంది, దారంతో కొలిచినప్పుడు 20కి బదులు 21 వస్తుంది, పిల్లలు లెక్కనే అనుమానిస్తారు. మూడు పుల్లల త్రిభుజాన్ని నొక్కితే కదలదు. నాలుగు పుల్లల చతురస్రాన్ని పక్కకు నెడితే వాలిపోయి సమచతుర్భుజమవుతుంది. అప్పుడు అడగండి: చుట్టుకొలత మారిందా? లేదు, అవే నాలుగు పుల్లలు, అదే 20 సెం.మీ. లోపలి చోటు తగ్గిందా? తగ్గింది. పూర్తిగా వాల్చేస్తే చోటే ఉండదు, చుట్టుకొలత మాత్రం 20 అలాగే ఉంటుంది. "క్రమ"కు కోణాలు ఎందుకు కావాలో, చుట్టుకొలతా వైశాల్యమూ ఎందుకు వేరో, రెండూ ఒకే బొమ్మలో తేలిపోతాయి.

పుల్లల తర్వాతే దారం. ఉన్ని దారం సాగుతుంది, పురికొస తీసుకోండి. 26 సెం.మీ. కోసి రెండు చివర్లా సెంటీమీటరు దగ్గర గుర్తు పెట్టి, గుర్తులు కలిసేలా ముడేస్తే 24 సెం.మీ. చుట్టు వస్తుంది. 24 ఎందుకంటే త్రిభుజానికి 8, చతురస్రానికి 6, షడ్భుజికి 4, అష్టభుజికి 3 చొప్పున తెగుతుంది. పంచభుజికి 4.8 వస్తుంది, దాన్ని దశాంశాలు వచ్చాక చేయించండి. "భుజాల సంఖ్య × ఒక భుజం" అనే సూత్రాన్ని ఇక్కడ పిల్లలే చెబుతారు. ముందే బోర్డు మీద రాసేస్తే దీర్ఘచతురస్రానికి కూడా 4 × పొడవు వేస్తారు. తిరగేసి కూడా అడగాలి: క్రమ షడ్భుజి చుట్టుకొలత 42 సెం.మీ. అయితే భుజమెంత?

ఇంకొకరు

మాట దగ్గరే మరో చిక్కుంది. ఇళ్ల స్థలాల బేరాల్లో "200 గజాల స్థలం" అంటే చదరపు గజాలు. "చదరపు" నోట్లోనే మింగేస్తాం. పిల్లలకు గజం పొడవు కొలతో వైశాల్యపు కొలతో తెలియకుండా పోతుంది. దాన్నే లెక్కగా ఇవ్వండి. 30 అడుగులు, 60 అడుగుల స్థలం 1800 చదరపు అడుగులు, అంటే 200 చదరపు గజాలు. దాని చుట్టూ ప్రహరీ 180 అడుగులు, అంటే 60 గజాలే. 45 అడుగుల చతురస్రానికీ ప్రహరీ 180 అడుగులే, స్థలం మాత్రం 225 చదరపు గజాలు. జవాబులో "గజాలు", "చదరపు గజాలు" పూర్తిగా రాయకపోతే మార్కు తగ్గించాల్సిందే.

గళ్ల కాగితం వాడేవారికి

5 గళ్ల చతురస్రం గీసి చుట్టుకొలత అడిగితే చాలామంది 16 అంటారు. అంచు గళ్లను లెక్కపెట్టారన్నమాట. సరైన జవాబు 20, లెక్కపెట్టాల్సినవి బయటి గీతలు. మూల గడికి రెండు బయటి గీతలుంటాయి, ఆ నాలుగు అక్కడ తప్పిపోతాయి. గీత మీద రంగు పెన్సిల్ తోలుతూ లెక్కపెట్టించండి. చుక్కల కాగితంలో చుక్కలు కాదు, వాటి మధ్య ఎడాలు లెక్కించాలి. అలాంటి 5 గళ్ల చతురస్రాలు రెండు పక్కపక్కన అతికించినప్పుడు 20, 20 కలిపి 40 అంటారు. కలిసిన గీత లోపలికి పోయింది కాబట్టి రెండు భుజాలు తీసేస్తే 30.

ఇంటికిచ్చే పనికి ₹20 నాణెం బాగుంటుంది. దానికి 12 భుజాలు, వ్యాసం 27 మి.మీ. ఒక్క భుజం స్కేలుతో చూస్తే దాదాపు 7 మి.మీ., చుట్టుకొలత 84 మి.మీ. దగ్గర. తర్వాత దారం చుట్టి సరిచూడమనండి. స్కేలు అంచు నుంచి కాదు, సున్నా గీత నుంచి కొలవాలని ముందే చెప్పండి, లేకపోతే ఆ ఒక్క భుజంలో తప్పు 12 రెట్లవుతుంది.