రొయ్యల బండిలో మూడు కోడ్‌లు ఒకేసారి: సెన్సార్ మార్చాలా, వైరింగ్ చూడాలా?

ప్రశ్న (ఇందుకూరుపేట)

మాది బీఎస్6 డీజిల్ పికప్ బండి. మైపాడు వైపు చెరువుల నుంచి నెల్లూరుకు రొయ్యలను ఐసు పెట్టెల్లో తోలుతుంటాము. కొంతకాలంగా లోడుతో గతుకుల్లో పోయేటప్పుడు చెక్ ఇంజిన్ లైటు వెలిగి, యాక్సిలరేటర్ ఎంత తొక్కినా బండి లాగడం లేదు. తాళం తీసి మళ్లీ వేస్తే కొంతదూరం మామూలుగా నడుస్తోంది. స్కానర్‌లో పీ0192, పీ0237, పీ0642 అనే తప్పు కోడ్‌లు వచ్చాయి. వర్క్‌షాపులో రైల్ ప్రెషర్ సెన్సార్ (డీజిల్ ఒత్తిడి కొలిచేది) మార్చినా లైటు పోలేదు. ఇప్పుడు బూస్ట్ సెన్సార్ (టర్బో గాలి ఒత్తిడి కొలిచేది) కూడా మార్చాలంటున్నారు. డబ్బు పెట్టే ముందు ఏమి చూడాలో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు (ఒంగోలు, ఆటో ఎలక్ట్రీషియన్)

అయ్యా, బూస్ట్ సెన్సార్ ఇప్పుడే కొనవద్దు. మొదటి రెండు కోడ్‌లు ఆ రెండు సెన్సార్ల సిగ్నల్ వోల్టేజి మరీ తగ్గిందని మాత్రమే చెబుతున్నాయి. అసలు సంగతి మూడోదానిలో ఉంది. ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) సెన్సార్లకు పంపే 5 వోల్టుల సరఫరా పడిపోతే పీ0642 వస్తుంది, సరఫరా లేని సెన్సార్ ఎంత కొత్తదైనా సిగ్నల్ ఇవ్వలేదు.

తాళం ఆన్‌లో ఉంచి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా, బూస్ట్ సెన్సార్ కప్లర్ ఊడదీసి అందులోని సరఫరా పిన్నుకూ ఎర్త్‌కూ మధ్య మల్టీమీటర్‌తో కొలవండి. దాదాపు 5 వోల్టులు రావాలి. రాకపోతే, మీటర్ అలాగే ఉంచి, ఆ సరఫరా మీద ఉన్న మిగతా సెన్సార్ల కప్లర్లను ఒక్కొక్కటిగా తీస్తూ పొండి. ఏది తీసినప్పుడు వోల్టేజి తిరిగి లేస్తుందో, తప్పు ఆ సెన్సార్‌లోనో, కప్లర్ నుంచి దానికి వెళ్లే వైర్లలోనో ఉన్నట్టు. అన్నీ తీసినా లేవకపోతే, వైరు ఎక్కడో బాడీకి తగులుతోందా అని చూసిన తర్వాతే ఈసీయూను అనుమానించాలి. ఏ సెన్సార్లు ఒకే సరఫరా మీద ఉన్నాయో మోడల్‌ను బట్టి మారుతుంది కనుక వైరింగ్ డయాగ్రమ్ దగ్గర పెట్టుకోండి. కోడ్‌లో పేరు లేని సెన్సార్లను కూడా వదలవద్దు: కొన్ని బండ్లలో డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) ప్రెషర్ సెన్సార్ ఛాసిస్ పక్కనే ఉంటుంది, మీ ఐసు నీళ్లు పడేదీ అక్కడే. వైరు తొడుగుకు గుండుసూది గుచ్చి కొలిచే అలవాటు చాలామందికి ఉంది. ఉప్పునీటి బండికి ఆ చిల్లు చాలు, లోపల రాగి చిలుము పట్టడానికి.

జవాబు (చీమకుర్తి)

పై సలహా సరైనదే, కానీ గతుకుల్లో మాత్రమే వచ్చే తప్పు నిలబడిన బండిలో దొరకకపోవచ్చు. స్కానర్‌లో లైవ్ డేటా (సెన్సార్ల అప్పటికప్పటి రీడింగులు) గ్రాఫ్ పెట్టి, మరొకరిచేత వైరింగ్ కదిలించి చూడండి. కోడ్‌లు చెరిపే ముందు ఫ్రీజ్ ఫ్రేమ్ (కోడ్ పడిన క్షణంలోని రీడింగులు) రాసి పెట్టుకోండి, చెరిపితే అదీ పోతుంది.

ప్రశ్న అడిగినవారు

డీపీఎఫ్ సెన్సార్ కప్లర్ తీయగానే 5 వోల్టులు వచ్చాయి. సెన్సార్ బాగానే ఉంది. కప్లర్‌కు జానెడు దూరంలో, సెన్సార్ వైపున, క్లాంపు అంచుకు రాసుకుని ఒక వైరు తొడుగు అరిగి, రాగి పచ్చగా మారి ఛాసిస్‌కు తగులుతోంది. చెడిన ముక్క కోసేసి, కొత్త వైరు టంకం వేయించి స్లీవు తొడిగించాము. లోడుతో అదే దారిలో తిప్పినా లైటు రాలేదు. ఐసు నీళ్లు వైరింగ్ మీద పడకుండా ఏమి చేయాలి?

జవాబు (ఒంగోలు, ఆటో ఎలక్ట్రీషియన్)

బండి తొట్టి కింది రంధ్రానికి రబ్బరు గొట్టం బిగించి, వెనుక చక్రాల అవతలికి తీసి వదలండి. ఆ క్లాంపు అంచును ఆకురాయితో నునుపు చేయించి రబ్బరు వేయించండి.