అమ్మకి అల్జీమర్స్ కొత్త ఇంజక్షన్ కోసం స్థలం అమ్మాలా? మీరైతే ఏం చేస్తారు?

కాలవగట్టు (విజయవాడ):
అందరికీ నమస్తే. సూటిగా విషయానికొస్తా. అమ్మకి 72. కొంతకాలంగా మతిమరుపు పెరుగుతా వచ్చింది, సూర్యారావుపేటలో న్యూరాలజిస్టు గారు ఎంఆర్ఐ చూసి, జ్ఞాపకశక్తి పరీక్షలు పెట్టి, అల్జీమర్స్ మొదటి దశ అయ్యుండొచ్చు అన్నారు. డొనెపెజిల్ బిళ్ళ రాశారు. మా అన్నయ్య డాలస్‌లో ఉంటాడు. అక్కడ లెకానెమాబ్, డోనానెమాబ్ అని కొత్త ఇంజక్షన్లు ఇస్తున్నారు, జబ్బుని 27 శాతం, 35 శాతం తగ్గిస్తాయంట, డోనానెమాబ్‌కి మన దేశంలో కూడా 2025లో పర్మిషన్ వచ్చింది, మంగళగిరి దగ్గర స్థలం అమ్మేసైనా మొదలుపెడదాం అంటాడు. చెల్లెలేమో (అమ్మని చూసుకునేది తనే) ఆ డబ్బులో పదో వంతు పెట్టి ఒక మనిషిని పెట్టండ్రా బాబూ, నేను కంటినిండా నిద్రపోయి ఎన్నాళ్ళయిందో అంటోంది. మధ్యలో ఇద్దరి చేతా తిట్లు తినేది నేను. రాజధాని పుణ్యమా అని స్థలం రేటు మళ్ళీ లేచింది, అది వేరే సంగతి. ఏం చెయ్యమంటారు?

మిర్చియార్డు (గుంటూరు):
అమ్మబాకండి. 27 శాతం అనగానే మీ అన్నయ్యకి ఏం అర్థమయిందో నేను ఊహించగలను, పోయిన జ్ఞాపకంలో నాలుగో వంతు తిరిగొచ్చిద్ది అనుకుంటన్నారు. ఒక్క ముక్క కూడా తిరిగి రాదు. లెకానెమాబ్ ట్రయల్‌లో 1795 మంది, ఏడాదిన్నర. జబ్బు తీవ్రత కొలిచే స్కేలు 18 పాయింట్లది. ఉత్తుత్తి ఇంజక్షన్ తీసుకున్నవాళ్ళు సగటున 1.66 పాయింట్లు దిగజారారు, అసలు మందు తీసుకున్నవాళ్ళు 1.21. తేడా 0.45. ఆ 0.45ని 1.66తో భాగిస్తే వచ్చిందే మీ 27 శాతం. మందు తీసుకున్నవాళ్ళు కూడా దిగజారారు, కాస్త నెమ్మదిగా, అంతే. 18లో అర పాయింటు కూడా లేని తేడా ఇంట్లో వాళ్ళకి కంటికి కనపడిద్దా అనే దాని మీద డాక్టర్లలోనే కొట్లాట ఉంది. ఇంగ్లండులో 2024 ఆగస్టులో ఈ మందుకి లైసెన్సు ఇచ్చిన రోజే, నైస్ అనే సంస్థ ఖర్చుకి తగ్గ ఫలితం లేదు, ప్రభుత్వ వైద్యంలో ఇవ్వలేం అని ముసాయిదాలో రాసింది. అంత డబ్బున్న దేశమే వెనకాడితే మనం స్థలాలు అమ్ముకోవడం ఏందండీ.

ప్రవాసి_తెనాలి:
మిర్చియార్డు గారూ లెక్క కరెక్టే, కానీ అది సగటు. కొందరికి అసలు పని చెయ్యకపోవచ్చు, కొందరికి బాగా పని చెయ్యొచ్చు, సగటు తీస్తే చిన్నగానే కనపడుద్ది. ఇంకోటి, ఈ మందులు పనికొచ్చేది మొదటి దశలోనే. రెండేళ్ళు ఆలోచిద్దాంలే అని కూర్చుంటే అప్పుడు డబ్బున్నా డాక్టరు ఇవ్వడు. డోనానెమాబ్ అయితే మెదడులో పేరుకున్న అమిలాయిడ్ అనే ప్రోటీను పాచి తగ్గాక ఆపెయ్యొచ్చు కూడా, జీవితాంతం పొడవక్కర్లేదు. మా నాన్నగారికి ఇవేవీ లేని రోజుల్లో వచ్చింది. నేను సెలవు పెట్టి దిగేసరికి నన్ను మా బాబాయి అనుకుని పొలం కౌలు సంగతి అడిగారు. ఆరు నెలలు ముందు వెళ్ళి ఉంటే నా పేరు పెట్టి పిలిచేవారు. ఆ ఆరు నెలలకి మీరు రేటు కడతారా? దూరాన ఉన్నవాడి బాధ మీకు తెలీదులెండి.

మిర్చియార్డు:
బాధ ఎవరికీ తక్కువ కాదండీ. కానీ 35 శాతం గురించి కూడా చెప్పండి మరి. ఆ అంకె మెదడులో టావు అనే ప్రోటీను తక్కువగా, మధ్యస్తంగా ఉన్నవాళ్ళది. ట్రయల్‌లో అందర్నీ కలిపితే 22. మీ వాట్సాప్ ఫార్వర్డులో 22 అని ఎక్కడైనా ఉందా?

వార్డు_సిస్టర్ (విజయవాడ):
నేను డాక్టర్ని కాదు, న్యూరో వార్డులో చాలా కాలంగా పని చేస్తున్నా, ఈ మందుల పద్ధతి మాకు క్లాసులో చెప్పారు కాబట్టి రాస్తున్నా. ఇది ఇంటికొచ్చి ఆర్ఎంపీ వేసే సూది కాదు. సెలైన్‌లాగా నరంలోకి ఎక్కించాలి, లెకానెమాబ్ రెండు వారాలకోసారి, డోనానెమాబ్ నాలుగు వారాలకోసారి. మొదటి నెలల్లో మధ్యమధ్యలో ఎంఆర్ఐ తియ్యాలి, ఎందుకంటే మెదడులో వాపు, చిన్న చిన్న రక్తస్రావాలు రావొచ్చు. లెకానెమాబ్‌లో వాపు నూటికి పన్నెండు పదమూడు మందికి, డోనానెమాబ్‌లో ఇరవై నాలుగు మందికి కనపడింది. చాలామందికి స్కానింగులో తప్ప బయటికి తెలీదు, వాళ్ళంతట వాళ్ళకే తగ్గిపోతుంది. కానీ డోనానెమాబ్ ట్రయల్‌లో మందు వల్లేనని భావించిన మరణాలు మూడు ఉన్నాయి. ఏపీఓఈ4 అనే జీను రెండు కాపీలు ఉన్నవాళ్ళకి రిస్కు బాగా ఎక్కువ, యూరప్‌లో 2025లో లెకానెమాబ్‌కి అనుమతిచ్చేటప్పుడు అలాంటివాళ్ళని పక్కనపెట్టారు. కాబట్టి ముందు జీను పరీక్ష అడగండి. అమ్మగారు రక్తం పల్చబడే మందులు వాడుతున్నారా? వార్ఫారిన్, ఎపిక్సాబాన్ లాంటివి అయితే చాలామంది డాక్టర్లు అసలు ముట్టుకోరు.

కాలవగట్టు:
ఎకోస్ప్రిన్ ఒక్కటే మేడమ్, బీపీ బిళ్ళతో పాటు. జీను పరీక్ష గురించి మాకెవరూ చెప్పలేదు, థాంక్స్.

నిజం_నిప్పు:
మీరంతా అమాయకులు. అమిలాయిడ్ అనేదే బోగస్. 2006లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధనలో ఫోటోలు మార్చారని తేలి 2024లో వెనక్కి తీసుకున్నారు. దొంగ పరిశోధన మీద కట్టిన మందులు, కంపెనీల వ్యాపారం. నమ్మితే మీ ఖర్మ.

లెక్చరర్_అరండల్‌పేట (గుంటూరు):
నిప్పు గారూ, వార్త నిజమే, మీరు లాగిన ముగింపే తేడా. ఆ 2006 పేపరు అమిలాయిడ్‌లో ఒక ప్రత్యేక రకం ముక్క గురించి. దాన్ని పీకేసినా మిగతాది కూలదు. అమిలాయిడ్ తయారయ్యే జీనులో మార్పు ఉన్న కుటుంబాల్లో నలభై, యాభైల్లోనే ఈ జబ్బు వస్తోందని 1991లోనే కనిపెట్టారు. డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్ళలో ఆ జీను ఉండే 21వ క్రోమోజోము మూడు కాపీలు ఉంటుంది, వాళ్ళకీ చిన్న వయసులోనే వస్తుంది. అమిలాయిడ్‌కి సంబంధం లేదనడం కష్టం. అదొక్కటే కారణమా అంటే అదీ కాదు, పాచి అంతా ఊడ్చేసినా జబ్బు ఆగట్లేదంటే టావు, మెదడులో మంట (ఇన్‌ఫ్లమేషన్), రక్తనాళాలు, ఇంకా చాలా ఉన్నాయన్నమాట. కంపెనీల మీద మీ అనుమానం మాత్రం ఊరికే రాలేదు. 2021లో అడుకానుమాబ్ అనే ఇలాంటి మందుకే, అమెరికాలో మందులకి అనుమతిచ్చే ఎఫ్‌డీఏ తన సొంత సలహా కమిటీ వద్దన్నా పర్మిషన్ ఇచ్చింది, 2024లో కంపెనీయే ఆ మందుని వదిలేసింది. ఉదాహరణ కావాలంటే అది వాడండి, గట్టిగా ఉంటుంది.

పెరటివైద్యం:
సరస్వతి ఆకు రసం పరగడుపున, ఒక చెంచా కొబ్బరినూనె, పసుపు పాలు. మా మేనత్తకి మూడు నెలల్లో మార్పు. స్థలం అమ్మనక్కర్లేదు, పెరట్లో కుండీ చాలు.

లెక్చరర్_అరండల్‌పేట:
సరస్వతి ఆకు పప్పులో వేసుకోండి, ఎవరొద్దన్నారు. మందు అనబాకండి. జింకో బిలోబా అనే మొక్క మందు గురించి కూడా ప్రపంచమంతా ఇట్టాగే చెప్పుకుంది, 3069 మంది మీద ఏళ్ళ తరబడి పరీక్షించి 2008లో తేల్చిందేమిటంటే డిమెన్షియాని (అల్జీమర్స్ లాంటి మతిమరుపు జబ్బుల్ని) ఆపలేదు. పెరటివాటినే అంటున్నానని అనుకోకండి, బరువు తగ్గడానికి వాడే సెమాగ్లూటైడ్ ఉంది చూశారా, దాని మీద కూడా బోలెడు ఆశ పెట్టుకున్నారు, 2025 నవంబరులో రెండు పెద్ద ట్రయల్సూ ఫెయిల్.

ఏలూరురోడ్డు (విజయవాడ):
అందరూ మందు దగ్గరే కొట్టుకుంటున్నారు, అసలు జబ్బు అల్జీమర్సేనా అని ఎవరూ అడగలేదే? డాక్టరు గారు "అయ్యుండొచ్చు" అన్నారంట. ఈ ఇంజక్షన్లు ఇవ్వాలంటే మెదడులో అమిలాయిడ్ ఉందని పెట్ స్కాన్‌తోనో వెన్ను నీరు తీసో రుజువు కావాలి. పీటావు217 అని రక్తపరీక్ష కూడా వచ్చింది, అమెరికాలో 2025 మేలో ఆ రకం టెస్టుకి మొదటిసారి అనుమతిచ్చారు, అది కూడా లక్షణాలున్నవాళ్ళకే. బీ12, థైరాయిడ్, సోడియం చూపించారా? మా మామగారు పోయిన ఎండల్లో ఉన్నట్టుండి మనుషుల్ని మర్చిపోయి, పంచె కట్టుకోవడం రాక నడవలో నిలబడిపోయారు. మేం అయిపోయింది అల్జీమర్స్ అనుకున్నాం, తీరా చూస్తే సోడియం పడిపోయింది, బీపీ బిళ్ళలో నీరు లాగే మందు ఉందంట, అది మార్చి సోడియం సరిచేసేసరికి మళ్ళీ పేపరు చదివి రాజకీయాలు తిడుతున్నారు. యూరిన్ ఇన్ఫెక్షన్‌కి కూడా పెద్దవాళ్ళు ఇలాగే అయిపోతారు.

కాలవగట్టు:
బీ12, థైరాయిడ్ చూశారండీ, బాగానే ఉన్నాయి. సోడియం అప్పుడెప్పుడో. మళ్ళీ చేయిస్తా. అమిలాయిడ్ టెస్టు ఏదీ అవ్వలేదు.

మిర్చియార్డు:
చూశారా, జబ్బు రుజువు కాకముందే స్థలం బేరం. ఇంకోటి అమ్మగారు కాబట్టి చెప్తన్నా, లెకానెమాబ్ ట్రయల్‌లో మగాళ్ళలో 43 శాతం లాభం, ఆడవాళ్ళలో 12 శాతమే.

లెక్చరర్_అరండల్‌పేట:
ఆ అంకెలు పేపరులో ఉన్నాయి కానీ ఆడా మగా తేడా తేల్చడానికి కట్టిన ట్రయల్ కాదది. ముక్కలు చేసి చూస్తే అంకెలు అటూ ఇటూ ఊగుతాయి. అనుమానంగా ఉంచుకోండి, తీర్పుగా వాడబాకండి.

బ్రాడీపేట_కోడలు (గుంటూరు):
ఇంతసేపు చదివాను, ఆ చెల్లెలి గురించి ఒక్కళ్ళు మాట్లాడితే ఒట్టు. అత్తగారిని నేనే చూశాను కాబట్టి రాస్తున్నా. పగలు ఫర్వాలేదు, పొద్దు వాలాకే మొదలవుతుంది. దీపాలు పెట్టే టైముకి "మా ఇంటికి పోతా, అమ్మ ఎదురుచూస్తంటది" అని సంచి సర్దుకునేవారు, ఇదే మీ ఇల్లు అత్తయ్యా అంటే ఇంకా కోపం. చివరికి నేను కనిపెట్టిందేంటంటే కాదనకూడదు, "కాఫీ తాగి పోదాం" అనాలి, కాఫీ అయ్యేసరికి మర్చిపోయేవారు. గాజులు బియ్యం డబ్బాలో ఆవిడే దాచి పనమ్మాయి తీసిందని వీధంతా చెప్పారు, ఆ పిల్ల ఏడ్చుకుంటా మానేసింది, ఆ తర్వాత మాకు మనిషి దొరకలా. మాత్రలు వేసుకున్నారో లేదో తెలిసేది కాదు, దిండు గలీబులో దొరికేవి. రాత్రి రెండింటికి తలుపు గడియ చప్పుడైతే నాకు ఇప్పటికీ మెలకువ వస్తుంది.

ఇంజక్షన్ వద్దని నేననట్లేదు. కానీ రెండు వారాలకో నాలుగు వారాలకో ఆవిణ్ణి లేపి, తయారు చేసి, ఆటో ఎక్కించి, ఆస్పత్రిలో గంటలు కూర్చోబెట్టి, ఎంఆర్ఐలో కదలకుండా పడుకోబెట్టి, ఇంటికొచ్చాక తలనొప్పి అంటే అది మామూలుదా మెదడు వాపా అని చూసుకునేది ఎవరు? డాలస్ అన్నయ్యా? ఆ చెల్లెలే కదా. నిద్రలేని మనిషి చేతికి ఇంకో డ్యూటీ ఇస్తున్నారు. ముందు రాత్రికి ఒక మనిషిని పెట్టండి. టెలి మానస్ అని ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416 ఉంది, తెలుగులో మాట్లాడతారు, ఆ అమ్మాయికి ఆ నంబరు ఇవ్వండి.

ప్రవాసి_తెనాలి:
అమ్మా, ఆ మాట ఒప్పుకోవాల్సిందే. కానీ మందా మనిషా అని ఒకటే ఎంచుకోమనడం ఎందుకు? అన్నయ్య మనిషి జీతం డాలర్లలో పంపొచ్చు, స్థలం మందుకి పోవచ్చు.

ఏలూరురోడ్డు:
ఇంతకీ స్థలం ఎవరి పేరున ఉంది?

కాలవగట్టు:
అమ్మ పేరునే. నాన్న అప్పట్లో అమ్మ పేరు మీదే రిజిస్టర్ చేయించారు.

ఏలూరురోడ్డు:
అయితే మరి ఆవిణ్ణి అడిగారా? మొదటి దశ అంటున్నారు, అంటే ఆవిడకి ఇంకా తెలుసు, అర్థం చేసుకుంటారు. ముగ్గురు పిల్లలు ఆవిడ స్థలం గురించీ ఆవిడ మెదడు గురించీ కొట్టుకుంటున్నారు, ఆవిడకి జబ్బు పేరైనా చెప్పారా? లీగల్‌గా కూడా చిక్కే, సంతకం చేసేటప్పుడు విషయం తెలిసి చేశారా అని రేపు ఎవరైనా కోర్టుకెక్కితే ఆ రిజిస్ట్రేషన్ నిలవకపోవచ్చు. అమ్మినా అమ్మకపోయినా డాక్టరు దగ్గర ఆవిడ పరిస్థితి రాయించుకుని, లాయర్‌ని కలిసి, వీలునామా లాంటివి ఇప్పుడే చూసుకోండి.

బ్రాడీపేట_కోడలు:
మా అత్తగారికి మేం చెప్పలేదు, చెప్తే కుంగిపోతారని మావారు. ఆవిడకి ఏదో అవుతోందని ఆవిడకి తెలుస్తూనే ఉండేది, మేం దాచేకొద్దీ మా మీద అనుమానం పెరిగింది. చెప్పండి.

ప్రవాసి_తెనాలి:
చెప్పొద్దు. 72 ఏళ్ళ మనిషికి మందు లేని జబ్బు పేరు చెప్పి ఏం సాధిస్తారు.

మిర్చియార్డు:
ఇందాకటిదాకా మందుంది స్థలం అమ్మమన్నది మీరే కదండీ!

వార్డు_సిస్టర్:
గొడవ మధ్యలో ఒక చిన్న మాట. అమ్మగారికి వినికిడి ఎలా ఉంది? బీపీ ఎంత ఉంటోంది, కళ్ళు చూపించారా? 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక కమిషన్ డిమెన్షియా రిస్కు పెంచే 14 కారణాలు చెప్పింది, బీపీ, షుగరు, చెడు కొలెస్ట్రాల్, చెవుడు, చూపు తగ్గడం, ఒంటరితనం, పొగ, ఇలా. అన్నీ సరిచేస్తే ప్రపంచంలో 45 శాతం దాకా కేసులు రాకుండానో ఆలస్యంగానో చెయ్యొచ్చని వాళ్ళ అంచనా. జబ్బు వచ్చాక ఇవి దాన్ని వెనక్కి తిప్పవు, కానీ వినపడని మనిషి ఇంకా గందరగోళపడతారు. అసలు ఈ లిస్టు పిల్లలు ముగ్గురికీ ఎక్కువ అవసరం. మీ బీపీ ఎంతండీ?

కాలవగట్టు:
నాది 150 పైనే ఉంటుంది మేడమ్, బిళ్ళ వేసుకోను, ఆవకాయ మానను. సరే. చెల్లెలికి రాత్రిపూట మనిషిని సోమవారం నుంచి పెడుతున్నాం, జీతం అన్నయ్య ఇస్తానన్నాడు. సోడియం, జీను పరీక్ష, అమిలాయిడ్ టెస్టు, ఈ మూడూ డాక్టరు గారిని అడుగుతాం. అవి తేలేదాకా స్థలం జోలికి పోం. అమ్మ పొద్దున పూట బాగుంటుంది, టిఫిన్ అయ్యాక అన్నయ్యని వీడియోలో పెట్టి ఆదివారం చెప్తాం. ఎలా మొదలుపెట్టాలో మాత్రం తెలీట్లా.

గజం_ధర:
మంగళగిరిలో ఎక్కడండీ స్థలం? రోడ్డు ఫేసింగేనా?

బ్రాడీపేట_కోడలు:
సిగ్గుండాలి.