కండకావరం అంటే ఉత్త గర్వమేనా?

గర్వం అని ఒక్క మాటలో అర్థం చెప్పి వదిలేస్తే కండకావరానికి అన్యాయం చేసినట్టే, అందుకే ఇంత పొడుగు జవాబు రాస్తున్నాను.

ముందు స్పెల్లింగ్. ఖండకావరం అని ఒత్తు పెట్టకండి, ఖండించడంతో దీనికి చుట్టరికం లేదు. కండ అంటే ఒంటి మీది కండే, కావరం అంటే మదం, పొగరు. ఒళ్ళు పట్టి, ఆ బలం చూసుకుని కన్నూమిన్నూ కానక ఎగిరిపడటం అన్నమాట. కొవ్వు, బలుపు కూడా ఈ దారిలోవే కదా! "ఒళ్ళు బలిసిందా", "తిన్నది అరగడం లేదా" అని తిట్టేటప్పుడు మనం అహంకారాన్ని ఒంట్లోనే వెతుకుతాం. అష్టమదాల్లో అన్నమదం అని ఒకటి చెబుతారే, నా లెక్కన కండకావరానికి దగ్గర బంధువు అదే. చదువుకున్నానని విర్రవీగేవాడికి విద్యామదం అంటే సరిపోతుంది, కండకావరం అంటే అతకదు, వాడు ఎవరి మీదకైనా చెయ్యెత్తితే తప్ప. కండ తీసేస్తే మాత్రం కావరం ఎక్కడైనా ఇముడుతుంది: డబ్బుందన్న కావరం, పదవి ఉందన్న కావరం.

గర్వం సంగతి వేరు, దానికి మంచి ముఖం కూడా ఉంది. "వాడికి గర్వం" అంటే తప్పు పట్టినట్టు, "నిన్ను చూసి గర్వపడుతున్నాను" అంటే మెచ్చుకున్నట్టు. పోతన భాగవతంలో బలిచక్రవర్తి పాత రాజుల గురించి చెబుతూ వాళ్ళు గర్వోన్నతి పొందలేదా అంటాడు, అక్కడ కావరం అని పెట్టి చూడండి, పద్యంలోని హుందాతనం పోయి తిట్టు మిగులుతుంది. పొగరుని కూడా "అవును, నాకు పొగరే" అని దర్జాగా ఒప్పుకునేవాళ్ళున్నారు. "నాకు కండకావరం" అని ఎవరైనా అనుకోగా నేనింతవరకు వినలేదు! అది ఎప్పుడూ ఎదుటివాడికే ఉంటుంది.

నాకు బాధ కలిగించేదీ అక్కడే. ఈ మాట ఎక్కువగా పైవాడి నోట కిందివాడి మీద పడుతుంది. కూలి సరిగ్గా ఇమ్మని అడిగినవాడికీ, తల దించుకోకుండా జవాబు చెప్పిన కోడలికీ "ఎంత కండకావరం!" అన్న మాట తగులుతుంది, నిజానికి వాళ్ళ ఒంట్లో కండే ఉండకపోవచ్చు. నిఘంటువు రాసేవాళ్ళు గర్వం, మదం అని అర్థాలిచ్చి ఆగకుండా, ఎవరు ఎవరిని అంటారో కూడా ఒక వాక్యం రాస్తే బాగుంటుంది.