నిధులు కావాలంటే ముందు భద్రతా పాఠం వినాలా?

మిడ్‌వెస్ట్ మాస్టారు
అమెరికాలో ఇంజనీరింగ్ పాఠాలు చెప్పడం మొదలుపెట్టి పదహారేళ్లయింది. ఈ వారం ఇంధన శాఖకు ఒక పరిశోధన ప్రతిపాదన పంపబోతే మా కార్యాలయం వాళ్లు ఆపేశారు. కారణం: నేను ‘పరిశోధన భద్రత శిక్షణ’ పూర్తి చేయలేదట. 2022 నాటి చిప్స్ అండ్ సైన్స్ చట్టంలో ఉన్న ఈ నిబంధనను ఆ శాఖ 2025 మే 1 నుంచి అమలు చేస్తోంది. దరఖాస్తుకు ముందు పన్నెండు నెలల్లోపు శిక్షణ తీసుకొని ఉండాలి.

సరే, కూర్చుని విన్నాను. గంట పట్టింది. విదేశీ సహకారం, ప్రయాణాలు, ఏ వివరాలు వెల్లడించాలి, మధ్యమధ్య చిన్న ప్రశ్నలు. గంట పోయినందుకు బాధ లేదు. పత్రికల్లో అందరికీ కనిపించేలా అచ్చువేసే పరిశోధనకు ఈ కాపలా ఎందుకన్నదే నా ప్రశ్న. 1985లో, సోవియట్ యూనియన్‌తో ప్రచ్ఛన్న యుద్ధం నడుస్తుండగానే, రీగన్ ప్రభుత్వం ఎన్‌ఎస్‌డీడీ-189 అనే ఆదేశం ఇచ్చింది. రహస్యమైతే రహస్యమని ముద్ర వేయండి, కాకపోతే మౌలిక పరిశోధన ఫలితాలకు వీలైనంత వరకు అడ్డు పెట్టకండి అన్నది దాని సారం. ఆ ధైర్యం ఇప్పుడు ఏమైంది?

రసాయనం
మాస్టారూ, మీరు ఫలితాల గురించి మాట్లాడుతున్నారు. ఈ గొడవంతా డబ్బు గురించి, ఒకే మనిషి రెండు చోట్ల కొలువు చేయడం గురించి. హార్వర్డ్‌లో రసాయన శాస్త్ర విభాగాధిపతి చార్లెస్ లీబర్ సంగతి గుర్తుందా? చైనాలోని వూహాన్ సాంకేతిక విశ్వవిద్యాలయంతో ఒప్పందం చేసుకున్నారు. నెలకు 50,000 డాలర్ల దాకా జీతం, ప్రయోగశాలకు 15 లక్షల డాలర్లు. అమెరికా ప్రభుత్వ నిధులు తీసుకుంటూనే అధికారులు అడిగితే అబద్ధం చెప్పారు. 2021 డిసెంబరులో జ్యూరీ ఆయన్ను దోషిగా తేల్చింది. ఆయన పరిశోధన రహస్యమేమీ కాదు, దాచింది ఆ ఒప్పందాన్ని. పన్ను కట్టేవాళ్ల సొమ్ముతో పనిచేసేవారిని ‘ఇంకెవరి దగ్గర తీసుకుంటున్నారు?’ అని అడగడం అవమానం ఎలా అవుతుంది?

కాజీపేట జంక్షన్
లీబర్‌కు తెలియక జరిగిందా? తెలిసే అబద్ధమాడారు. ఆ గంట పాఠం విని ఉంటే మానేసేవారని మీరు నిజంగా నమ్ముతున్నారా?

మిగతా పేర్లు కూడా చెప్పుకోవాలి కదా. న్యాయ శాఖ 2018 నవంబరులో ‘చైనా ఇనిషియేటివ్’ మొదలుపెట్టింది. చైనాతో సంబంధాలు దాచారంటూ పరిశోధకుల మీద కూడా కేసులు పెట్టిన కార్యక్రమం అది. ఎంఐటీలో ప్రొఫెసర్ గాంగ్ చెన్‌ను 2021 జనవరిలో అరెస్టు చేశారు. ఏడాది తిరిగేసరికి కేసు ఎత్తేశారు. టెనెసీలో ప్రొఫెసర్ ఆన్‌మింగ్ హు మొదటి విచారణలో జ్యూరీ ఏకాభిప్రాయానికి రాలేదు. తర్వాత 2021 సెప్టెంబరులో న్యాయమూర్తే ఆయన్ను నిర్దోషిగా ప్రకటించారు. ఈలోపు ఉద్యోగం పోయింది. 2022 ఫిబ్రవరిలో ఆ కార్యక్రమానికే న్యాయ శాఖ మంగళం పాడింది. శిక్షణ కావలసింది ప్రొఫెసర్లకు కాదు, వాళ్ల వెంటపడ్డ ఏజెంట్లకు.

ఒక తండ్రి
మధ్యలో అడుగుతున్నందుకు క్షమించండి. మా అబ్బాయి టెక్సస్‌లో పీహెచ్‌డీ రెండో ఏడాది. వాడు కూడా ఈ శిక్షణ తీసుకోవాలా? మేం విజయవాడలో ఉంటాం, వాడు ఏదీ వివరంగా చెప్పడు.

గ్రాంటు గుమస్తా
తండ్రిగారూ, చట్టం ప్రకారం ఇది ప్రతిపాదనలో ముఖ్య పరిశోధకులుగా పేరున్నవాళ్లకు. మామూలుగా విద్యార్థులు అందులోకి రారు. కొన్ని విశ్వవిద్యాలయాలు సొంతంగా అందరికీ పెట్టవచ్చు. పెట్టినా కంగారు పడనక్కర్లేదు.

ఇక చర్చకు వస్తే, నేను ఒక విశ్వవిద్యాలయంలో ఈ కాగితాల పనే చేస్తాను. కాజీపేట గారు చెప్పిన చెన్ కేసు ఎందుకు కూలిపోయిందో చూడండి. ఆయన చెప్పలేదని ఆరోపించిన వివరాలను ఆనాటి దరఖాస్తులో చెప్పాల్సిన అవసరమే లేదని తేలింది. అంటే ఏది చెప్పాలో అరెస్టు చేసినవాళ్లకే స్పష్టత లేదు. చిత్రమేమిటంటే, ఆయన్ను అరెస్టు చేసిన 2021 జనవరి 14నే అధ్యక్షుడి సంతకంతో ఎన్‌ఎస్‌పీఎం-33 అనే ఆదేశం వెలువడింది. వెల్లడి నియమాలు నిధులిచ్చే ప్రభుత్వ సంస్థలన్నింటిలోనూ ఒకే తీరుగా ఉండాలన్నది అందులో ప్రధానాంశం. నిబంధన ముందు చెప్పి తర్వాత అడగడం ఇక్కడి నుంచే మొదలైంది. ఈ శిక్షణ దాని కొనసాగింపే. జాతిని బట్టి, పుట్టిన దేశాన్ని బట్టి ఎవరినీ వేలెత్తి చూపకూడదని కూడా చిప్స్ చట్టంలో రాసి ఉంది.

మన వాళ్లకు నేను పదేపదే చెప్పేది ఇంకొకటి. చట్టం ఆందోళనకరమని పేరుపెట్టి చెప్పిన దేశాలు చైనా, రష్యా, ఇరాన్, ఉత్తర కొరియా. భారత్ లేదు. దాంతో మన ప్రొఫెసర్లు ‘ఇండియాది చెప్పక్కర్లేదు’ అనుకుంటున్నారు. అది పొరపాటు. భారత ప్రభుత్వం 2017లో తెచ్చిన ‘వజ్ర’ పథకం కింద విదేశీ ఆచార్యులు ఏడాదిలో ఒకటి నుంచి మూడు నెలలు మన సంస్థల్లో పనిచేయవచ్చు, పారితోషికం ఉంటుంది. అందులో తప్పేమీ లేదు. కానీ దరఖాస్తులో చూపాలి. జీతం లేని గౌరవ పదవి అయినా సరే చూపాలి.

కాజీపేట జంక్షన్
అంతా బాగానే ఉంది గానీ, శిక్షణ తీసుకున్నామనే ధ్రువపత్రం మీద సంతకం పెట్టాక ‘నాకు తెలియదు’ అనే మాట కోర్టులో చెల్లుతుందా? శిక్షణ పేరుతో సాక్ష్యం తయారుచేసుకుంటున్నారని నా అనుమానం.

గ్రాంటు గుమస్తా
ఆ భయం అర్థం లేనిదని నేను అనను. సంతకం సంతకమే. అయితే ‘తెలియదు’ అన్న మాట హు గారిని అరెస్టు నుంచి కాపాడలేదు, తీర్పు వచ్చేదాకా పనికి రాలేదు.

మిడ్‌వెస్ట్ మాస్టారు
గుమస్తా గారూ, గుమ్మడికాయల దొంగ అంటే నేను భుజాలు తడుముకున్నట్టుంది. నేను చదువుకున్న కళాశాల ఆరేళ్ల కిందట నాకు ‘గౌరవ ఆచార్య’ అని ఒక పత్రం ఇచ్చింది. శాలువా కప్పారు. రూపాయి ఇవ్వలేదు, నేను అడగలేదు. ఏ దరఖాస్తులోనూ రాయలేదు.

రసాయనం
చూశారా!

కాజీపేట జంక్షన్
చూశాను. శాలువా కప్పించుకున్న మనిషి కూడా ఇప్పుడు ముద్దాయిలా మాట్లాడుతున్నారు. నేను చెప్పేది అదే.

గ్రాంటు గుమస్తా
ముద్దాయి ఎవరూ కారు. మాస్టారూ, రేపు ఉదయమే మీ కార్యాలయానికి చెప్పండి, పాత దరఖాస్తుల సంగతి వాళ్లు చూస్తారు. కొత్త దాంట్లో పదవి పేరు, సంస్థ, మొదలైన తేదీ, ముగిసిన తేదీ రాయండి.

మిడ్‌వెస్ట్ మాస్టారు
ఇప్పుడే ఉత్తరం పంపాను. ముగింపు తేదీ దగ్గరే ఆగిపోయాను. వాళ్లు ఆ పదవి నుంచి నన్ను ఎప్పుడు తీసేశారో, అసలు తీసేశారో లేదో ఎవరిని అడగాలి? శాలువా కప్పిన ప్రిన్సిపాల్ గారు పదవీ విరమణ చేశారు.